నిటారు మొలకలు

ల్యాబ్ బల్ల మీద చిక్కుడు మొలకలన్నీ చచ్చిపోయి ఉన్నాయి.

ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. కుండీల నుంచి కలుపుమందు వాసన గుప్పుమంటోంది. వాటిని పెంచిన రీసెర్చ్ విద్యార్థిని ఓ మూల స్టూల్ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

సంగతంతా ప్రొఫెసర్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాడు. నీళ్లు చాలకపోయినా బతికే చిక్కుడు రకం మీద ఆ అమ్మాయి పరిశోధన. వృక్షశాస్త్రంలో ఓ పెద్ద స్కాలర్‌షిప్‌కు ఆఖరి వడపోత దాకా వచ్చింది. రేపు కమిటీ వచ్చి మొక్కలు చూస్తుంది. నచ్చితే దూరాన మరో యూనివర్సిటీలో నాలుగేళ్ల పరిశోధన. మొక్కలే లేకపోతే అంతే సంగతులు.

ఆమె కాక తాళంచెవి ఉన్నది ముగ్గురికి. ప్రొఫెసర్. అదే స్కాలర్‌షిప్‌కు పోటీపడుతున్న, అందరూ సోడాబుడ్డి అని పిలిచే కళ్లద్దాల కుర్రాడు. ఏళ్ల తరబడి ఇక్కడే పనిచేస్తున్న సీనియర్. ఆమెను ఆ అమ్మాయి అక్కా అని పిలుస్తుంది.

అందరి చూపూ సోడాబుడ్డి మీదే. నిన్నంతా లైబ్రరీలో ఉన్నానన్నాడు. చూసినవాళ్లు లేరు.

"నిన్న సాయంత్రం మొలకలు ఎలా ఉన్నాయి?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"పచ్చగానే ఉన్నాయండీ," అంది అమ్మాయి.

"ఈ మందు పనిచేయడానికి?"

"రెండు మూడు రోజులు..." ప్రొఫెసర్ నోట మాట ఆగిపోయింది.

"అంటే ఇవి ఆమె మొలకలు కావు. ముందే చచ్చినవి తెచ్చి, లేబుళ్లు మార్చారు." ఇన్‌స్పెక్టర్ కిటికీ చూపించాడు. "ఈ బల్ల మీద మిగతా మొక్కలన్నీ వెలుతురు వైపు వాలి ఉన్నాయి. ఇవి మాత్రం నిటారుగా ఉన్నాయి. నెత్తిమీద లైటు కింద పెరిగాయి. అలాంటి గది ఎవరిది?"

లైట్ల గదిలో పనిచేసేది సీనియర్ ఒక్కతే.

ఆమె బుకాయించలేదు. వాళ్లను తన హాస్టల్ గదికి తీసుకెళ్లింది. కిటికీ దగ్గర అసలు మొలకలు కళకళలాడుతున్నాయి. మట్టి ఇంకా తడిగానే ఉంది. వాటిని చంపడానికి ఆమెకు చేతులు రాలేదు.

"ఎందుకక్కా?"

"నువ్వు వెళ్లిపోతే ఇక్కడ నన్ను పలకరించేదెవరే? ఈసారి రాకపోతే ఇంకో ఏడాది ఉంటావనుకున్నా."

కేసు వద్దని అమ్మాయి ఇన్‌స్పెక్టర్‌తో అంది. కుండీలు ట్రేలోకి ఎత్తుకుంది. రెండో ట్రే సోడాబుడ్డి అందుకున్నాడు. వాళ్ల వెనకే ప్రొఫెసర్ వెళ్లాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కాసేపటికి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు.

"ఇంకేమైనా అడగాలా అండీ?" అంది సీనియర్, మంచం అంచున కూర్చుని.

అడగాల్సినవేవీ మిగల్లేదు. ఆ మాట చెప్పబోయి ఆమె ముఖం చూశాడు.

టోపీ తీసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మీదే ఊరమ్మా?" అన్నాడు.