సముద్రం పక్క రూము

పెనుకొండలో కారు ఆగిపోయేదాకా నితిన్ ఆ రోజు ఎవరి మీదా విసుక్కోలేదు. అది గొప్ప విషయమే. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఇంట్లో పుట్టి, వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వీ నవ్వీ, మిగతా లోకం మీద మూతి ముడుచుకునే రకం వాడు.

బెంగళూరులో జరీ వ్యాపారిని కలిసొస్తానని నాయన భాస్కరయ్యకు చెప్పి, ఇంటి కారు తీసుకుని బయల్దేరాడు. కుమారస్వామి మంత్రాలయం పోతున్నానని ఇంట్లో చెప్పి, హిందూపురంలో బస్సెక్కి పెనుకొండలో దిగాడు. వాడిది లేపాక్షి పక్క భూములున్న కుటుంబం. హిందూపురం మార్కెట్లో చింతపండు మండీ చూసుకుంటాడు. ఇద్దరిదీ కొన్నేళ్ళ స్నేహం. స్నేహమని బయటివాళ్ళు అంటారు. ఒకే మంచం మీద ఒక్క రాత్రయినా నిద్రపోవాలని ఆశపడే స్నేహాన్ని ఏమనాలో ఆ ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ధర్మవరంలో కలిస్తే అంగడివాళ్ళు చూస్తారు, హిందూపురంలో కలిస్తే మండీవాళ్ళు చూస్తారు. అందుకని మధ్యలో పెనుకొండలో కలిసి, హోటల్లో ఎదురెదురుగా కూర్చుని టీ తాగి, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

ఈసారి అట్లా కాదు. గోకర్ణం పోతున్నారు, సముద్రం ఒడ్డుకి. ఆ ఒడ్డున ఒక గది దొరకడానికి నితిన్ పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒకచోట పెళ్ళికాని మగవాళ్ళకు ఇచ్చేది లేదన్నారు. ఇంకోచోట మంచాలు రెండు వేస్తామని పట్టుబట్టారు. మరోచోట మంచం ఒకటే చాలనగానే అప్పటిదాకా ఖాళీగా ఉన్న గదులన్నీ నిండిపోయాయి. చివరికి మెల్విన్ అనే ఆయన తగిలాడు. ఇద్దరు మగవాళ్ళయితే తనకేమిటని, మంచం ఒకటే వేయిస్తానని, ప్రశ్నలు అడిగే అలవాటు తమ ఇంట్లో లేదని రాశాడు. ఆ మెసేజిని నితిన్ రోజూ దేవుడి పటంలా తీసి చూసుకునేవాడు.

తీరా బయల్దేరితే ఇదీ వరస. క్లచ్ ప్లేటు పోయిందని, సామాను హిందూపురం నుంచి రావాలని, రేపు పొద్దున గానీ కాదని షెడ్డులో మెకానిక్ నాగన్న తేల్చి చెప్పాడు. కారు వదిలి పోదామంటే అది నాయన కారు. ఇంటికి పోదామంటే చెప్పిన అబద్ధాలు అడ్డం. ఒక్క రాత్రి పెనుకొండలో తలదాచుకోవాలి, అంతే.

అంతే అనుకున్నారు. మొదటి లాడ్జిలో గుమాస్తా ఇద్దరి ఆధార్ కార్డులూ తిరగేసి వెనక్కి ఇచ్చేశాడు. లోకల్ కార్డులకు రూము ఇవ్వకూడదట. ధర్మవరం ఎక్కడ, పెనుకొండ ఎక్కడ అని నితిన్ వాదించాడు. జిల్లా ఒకటే కదా, సొంత జిల్లావాళ్ళకు లాడ్జితో ఏం పని అన్నాడు గుమాస్తా. ఎక్కడో ఢిల్లీ నుంచి ఎవడు దిగినా తాళంచెవి చేతిలో పెడతారు, పక్క ఊరివాడు మాత్రం దొంగ. రెండో లాడ్జిలో మేనేజరు కార్డు మీద పేరు చూసి, నువ్వు లేపాక్షి నారాయణన్న కొడుకువి కదా అని కుమారస్వామిని పలకరించాడు. ఇద్దరూ నీళ్ళు తాగే నెపంతో బయటపడ్డారు. మూడో చోట కుర్చీలో ఉన్నవాడు కార్డులు చూడనే లేదు. ఇద్దరి మొహాలూ చూశాడు. తర్వాత కుమారస్వామి భుజం మీద మరిచిపోయి ఉన్న నితిన్ చెయ్యి చూశాడు.

"మీలాంటోళ్ళకి కొండ కింద పాత రోడ్డులో ఉండాదిలే లాడ్జి. ఆడ ఎవరూ ఏమీ అడగరు" అన్నాడు, పళ్ళ మధ్య పుల్ల ఆడిస్తూ.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నితిన్‌కు మాత్రం లోకంలో ప్రతి కుర్చీలోనూ ఒక పూజారే కూర్చున్నాడు. వాడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెతికితే పోయేదేముందని ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని కొండవైపు నడిచారు.

పొద్దు కొండ వెనక్కి జారింది. కోట గోడల మీద ఎరుపు ఆరిపోయి, కింద రోడ్డంతా బూడిదరంగు పడింది. పాత రోడ్డులో ఇళ్ళు తక్కువ. ఎండిన కంపచెట్లు, వేడి ఇంకా వదలని బండలు. ఆ బండల మధ్య ఒక మేడ. గోడకు సున్నం పెచ్చులు ఊడి ఉంది. బోర్డు లేదు. అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు లక్ష్మక్క అని తనే చెప్పింది. ఏడాదిలో చినుకు పడటమే అబ్బురమైన ఆ చోట, ఆమె చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి. ఏ తొట్టి కడుగుతూ ఉండిందో అనుకున్నాడు నితిన్.

రూము కావాలన్నారు. ఊరు అడగలేదు, పేరు అడగలేదు.

"మంచాలు ఒకటా, రెండా?" అంది.

నితిన్ సంచి కింద పెట్టాడు. ఇన్నాళ్ళలో ఎవరూ అంత మామూలుగా అడగలేదు. "ఒకటి చాలక్కా" అన్నాడు. ఆ మాట బయటికి వచ్చినందుకు వాడికే వింతగా ఉంది. పక్కన కుమారస్వామి తల దించుకున్నాడు.

"అయితే సముద్రం పక్క రూము ఇస్తా" అంది ఆమె.

ఇద్దరూ నవ్వారు. పెనుకొండలో సముద్రమేమిటి, తాగే నీళ్ళకే ట్యాంకరు రావాలి. ఆమె నవ్వలేదు. కార్డులకని చెయ్యి చాపింది. పోయేటప్పుడు తీసుకోవచ్చు, అందాకా తన దగ్గరే ఉంటాయంది. అలా అట్టిపెట్టుకునే లాడ్జిలు ఉన్నవే కాబట్టి ఇచ్చేశారు. ఎందుకైనా మంచిదని కుమారస్వామి అవి లోకల్ కార్డులని ముందే చెప్పాడు.

"మాకు లోకలోళ్ళే కావల్ల" అని ఆమె వాటిని కొంగున ముడి వేసుకుంది.

గది మేడ మీద, చివర. ఒక మంచం, ఒక కుర్చీ, మేకులు కొట్టి మూసేసిన కిటికీ. తలుపు తియ్యగానే వాసన... ఎండుచేపల అంగడి పక్కగా పోతే వచ్చే వాసన, దాని వెనక ఇంకేదో చల్లగా, పచ్చిగా. గోడకు నడుమెత్తున చెమ్మ. నితిన్ వేలితో తాకి, ఎందుకో నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

లక్ష్మక్క నీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది. ఇక్కడికి ఎవరైనా వస్తుంటారా అని మాట కలిపాడు కుమారస్వామి.

"మీ మాదిరే ఇద్దరు వచ్చినారప్పా. శానా దినాలాయ. సముద్రం చూడాలని బయల్దేరినారు. యాడా ఒక రూము ఇయ్యల్యా వాళ్ళకి. చూపిచ్చేదానికి కార్డులు ల్యాకపోయె." ఆమె తలుపు దగ్గరగా వేసింది. "ఈడికొచ్చినారు. ఇంక ముందుకి పోల్యాకపోయినారు."

ఆమె మెట్లు దిగే చప్పుడు వినపడలేదు.

అప్పుడే కరెంటు పోయింది. కుమారస్వామి ఫోను మోగింది. వాళ్ళమ్మ రామలక్ష్మమ్మ. చీకట్లో వాడి మొహం మీద నీలం వెలుగు పడింది. ఊఁ, సరే, వస్తాలే అంటూ మాట్లాడి పెట్టేశాడు. ఆదివారం కొత్తచెరువులో పిల్లను చూడటానికి పోవాలట. వారం కిందటే అనుకున్నారట.

వారం కిందటే. అంటే గోకర్ణానికి సంచి సర్దుకునేటప్పుడే వాడికి తెలుసు. ఈ ఒక్కసారి సముద్రం దాకా వస్తే, నాలుగు రోజులు ఎవరికీ భయపడకుండా బతికి చూస్తే, కుమారస్వామికి ధైర్యం వస్తుందని, ఇంటికిపోయి పెళ్ళి వద్దని చెప్పగలడని నితిన్ ఆశ. ఆ గది కోసం అన్ని గడపలు తొక్కింది అందుకే. ఆ ఆశ ఒక ఫోనుకే అయిపోయింది.

ఇద్దరూ గుసగుసగా పోట్లాడుకున్నారు. పోట్లాట కూడా గుసగుసగానే, అలవాటు అట్లా అయింది.

"మనం వెనక్కి పోదామబ్బా" అన్నాడు కుమారస్వామి చివరికి. "ఇదంతా మనకి రాసిపెట్టి లేదు."

నితిన్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. హైవే మీద లారీల మోత దూరంగా వినిపిస్తోంది. విన్నాడు... లారీలు కాదు. ఆగి ఆగి వస్తోంది. దూరం నుంచి లేచి, దగ్గరికి దొర్లి, ఏదో పెద్దదాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి పోతోంది. మళ్ళీ. మళ్ళీ. మేకులు కొట్టిన కిటికీ అవతల.

అవతల బండలే కదా.

ఆ మోత తగ్గినప్పుడల్లా గోడ వెనక నుంచి గుసగుసలు. రెండు మగ గొంతులు. ఒకటి బతిమాలుతోంది, ఒకటి వద్దంటోంది. నితిన్ చెవి ఒగ్గాడు. అవి తాము ఇప్పుడే అనుకున్న మాటలు. అదే వరసలో. వెనక్కి పోదామబ్బా... మనకి రాసిపెట్టి లేదు...

వాడికి ఒళ్ళు జలదరించింది. కదలలేకపోయాడు. అంతలో వెనక మంచం కుంగింది. ఒక చెయ్యి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది. కుమారస్వామి కోపం మరిచాడు, చాలు. నితిన్ ఆ వేళ్ళలో వేళ్ళు దూర్చి గట్టిగా పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. తడిగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో గరగరమని ఇసుక.

"నితిన్," అన్నాడు కుమారస్వామి. గొంతు తలుపు దగ్గర నుంచి వచ్చింది. "నీ పక్కన ఎవరున్నారు?"

నితిన్ ఊపిరి బిగబట్టాడు. చెయ్యి వదల్లేదు. అవతలి చెయ్యి వదలనివ్వలేదు. చెవి వెనక ఉప్పటి ఊపిరి...

"మీరు ముందుకి పోరా?"

మంచం ఇంకోవైపు కూడా కుంగింది. ఇప్పుడు ఇద్దరు.

"అయితే మేం పోతాం."

చెయ్యి వదిలింది. నితిన్ మంచం మీద నుంచి పడ్డాడో దూకాడో వాడికే తెలియదు. కుమారస్వామి వాడిని చొక్కా పట్టి బయటికి లాగాడు. మెట్లన్నీ తడి. కింద అరుగు మీద ఎవరూ లేరు. సంచులు గదిలోనే ఉండిపోయాయి. వాళ్ళు పాత రోడ్డంతా పరుగెత్తి, దీపాలున్న చోటికి వచ్చాక గానీ ఆగలేదు. అప్పటికి టీ అంగళ్ళు కూడా మూయలేదు. నాగన్న షెడ్డులో కారు వెనక సీట్లో ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న రాత్రి అట్లా గడిచింది.

పొద్దున కారు బాగయింది. కార్డులు తెచ్చుకుందామని నితిన్ అన్నాడు. పగలే కదా అన్నాడు. కుమారస్వామి ససేమిరా అన్నాడు. కార్డు పోయిందని మీ సేవలో ఇంకోటి తీయించుకోవచ్చట. హిందూపురం బస్సు వస్తే, వెనక్కి చూడకుండా ఎక్కేశాడు. నితిన్ ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసి, కారు ధర్మవరం వైపు తిప్పాడు. ఇంట్లో బేరం కుదరలేదని చెబితే, నువ్వు పోయిన ఏ పని కుదిరింది గనక అని నాయన ఎప్పటిలాగే తిట్టాడు.

మెల్విన్‌కు రావడం లేదని చెప్పాలి. చెప్పాలంటే మనసు రాలేదు. ఆ ఒక్క మెసేజి పంపితే అంతా నిజంగా అయిపోతుంది.

ఆదివారం పొద్దున అంగట్లో చీరలు మడత పెడుతుంటే ఫోను మోగింది. మెల్విన్. తనే ముందు మాట ఎత్తుకున్నాడు, గొంతు నిండా ఆదరణ. రాత్రి వచ్చారు కదా, నిద్ర బాగా పట్టిందా అని అడిగాడు. టిఫిను చల్లారిపోతోంది, సముద్రంలో నుంచి ఎప్పుడొస్తారు అన్నాడు. పొద్దున చీకటితోనే దిగారు, ఇంకా బయటికి రాలేదు, ఎంత ముచ్చటపడ్డారో పాపం అన్నాడు.

ఎవరు, అని అడిగాడు నితిన్.

మెల్విన్ నవ్వాడు. "మీరే. కార్డులు నా దగ్గరే ఉన్నాయి కదా. మొహాలు సరిచూసే ఇచ్చాను రూము."

తను ఇందాక తీసిన ఫోటో పంపాడు. నడుములోతు నీళ్ళలో ఇద్దరు మగవాళ్ళు, వెనక నుంచి. ఒకడి ఒంటి మీద నితిన్ సంచిలో పెట్టుకున్న నీలం చొక్కా. పట్టపగటి ఎండలో, ఒడ్డునున్న జనమంతా చూస్తుండగా, ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. నితిన్‌కు ముందు భయం వెయ్యలేదు. కుళ్ళు పుట్టింది.

కుమారస్వామికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మూడోసారికి ఎత్తాడు.

"కొత్తచెరువులో ఉండా. అమ్మ కారు దిగి నన్ను చూసి... ఈ అబ్బి ఎవరు, మన కారులో యాడ ఎక్కినాడు అంటాండాది."

లైను తెగిపోయింది.

నితిన్ అరచేతికి ఏదో గరగరమంది. చూసుకున్నాడు. మడత పెడుతున్న పట్టుచీర మీద తడి ఇసుక రాలింది. నాయనా, అని పిలుస్తూ తల ఎత్తాడు.

గల్లాపెట్టె దగ్గర భాస్కరయ్య కళ్ళజోడు సవరించుకుని, కొత్తగా గడప ఎక్కినవాళ్ళ కోసం దాచుకునే నవ్వు నవ్వాడు.

"రండి సార్, కూర్చోండి. ఏ ఊరు మీది?"