చెదరని ఉంగరాలు

మీటరు పట్టుగుడ్డ పోయింది.

బంగారం పోలేదు, బండి పోలేదు. అయినా గురువారం మధ్యాహ్నం స్టేషన్ బెంచీ మీద కూర్చున్న పరశురాములును చూస్తే ఇంట్లో మనిషి పోయాడేమో అనుకోవాలి. అరవై దాటిన నేతగాడు. వేళ్లకు పట్టిన ఎర్రరంగు ఎప్పటికీ వదలదు. ఆ వేళ్లతో భుజం మీది తువ్వాలను పిండుతున్నాడు.

"నమూనా పోయింది మేడం."

ఎస్సై మెర్సీ టోపీని రెండు చేతులతో సర్దుకుంది. సోమవారం నుంచి ఆమె టోపీని అదే పనిగా సర్దుకుంటోంది. ఎందుకో హెడ్ కానిస్టేబుల్ జంగయ్యకు తెలుసు. తెలిసినట్టు కనబడడు. ఇన్నేళ్ల సర్వీసులో అతను బాగా నేర్చుకున్న పని అదొక్కటే.

"ఏం నమూనా?"

"కొత్త డిజైన్. గీసి, చెరిపి, దారాలు కట్టి, రంగులద్ది రెండేండ్లు పట్టింది. ఎర్ర నేల మీద పచ్చటి సీతాఫలాలు. చీర ఇంకా మగ్గమెక్కలే. ముందుగాల మీటరు నేసి చూస్కున్న. గదే పోయింది. గా ముక్క పవర్‌లూమోని చేతికి చిక్కితే నెల తిరగకముందే బస్టాండ్ల ప్రింటు చీరలు అమ్ముతడు. బొమ్మ నాది, బతుకు వానిది."

"ఏడ పెట్టిన్రు?"

"భద్రంగనే పెట్టిన."

"అదే, ఏడ?"

"భద్రమైన జాగాల."

జంగయ్య ఫ్యాన్ వైపు చూశాడు. మెర్సీ వదిలేసింది. అప్పుడు వదలకుండా ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

"చివరిసారి ఎప్పుడు చూసిన్రు?"

"మంగళారం పొద్దుగూకినంక."

"లేదని ఎప్పుడు తెలిసింది?"

"బుధారం పదకొండింటికి."

"ఆ నడుమ ఇంట్ల ఎవరెవరున్నరు?"

"నేను, నా భార్య గోవిందమ్మ, కోడలు అఖిల. కొడుకు నల్లగొండ కరెంటాఫీసుల చేస్తడు, ఆదివారమే వస్తడు. బుధారం పొద్దున పక్కింటి ఎల్లేష్ వచ్చిండు. వాడు గూడ నేసేటోడే. ఇగ... దారం కండెలు చుట్టనీకె వచ్చే ఈదమ్మ."

ఈదమ్మ పేరు పలికి ముసలాయన మెర్సీ మెడ వైపు చూశాడు. కాలరు లోపల సన్నటి గొలుసు, దానికో సిలువ. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

"ఆమె మీద అనుమానమా?"

"నేనెట్లంట మేడం? మీరిద్దరు ఆదివారం చర్చిల ఒక్క కాడనే కూసుంటరాయె."

ఆ మాట పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, సాయంత్రం ఐదింటికి జీపు సరాసరి ఈదమ్మ ఇంటి ముందే ఆగింది. మిగతా ముగ్గురి గుమ్మం ఇంకా తొక్కనేలేదు. ముందు ఇక్కడ వెతికితే తనవాళ్లను వెనకేసుకొచ్చిందని ఎవరూ అనరు కదా అని మెర్సీ లెక్క.

అది వాడంతా నీళ్లకు నల్లా దగ్గరుండే వేళ. ఒకటే గది. ట్రంకుపెట్టె దించారు. బియ్యం డబ్బా ఒంపారు. బొంత దులిపారు. బైబిలు కూడా తిరగేసి చూశారు. మీటరు పట్టు కాదు కదా, ఆ ఇంట్లో జానెడు పట్టు కూడా లేదు.

ఈ ఊరికి బదిలీ అయిన మొదటి ఆదివారం చర్చిలో ఈదమ్మే పక్కకు జరిగి జాగా ఇచ్చింది. "కూసో బిడ్డా" అంది. ఆనాటి నుంచీ బిడ్డా అనే పిలిచేది. గురువారం మాత్రం గోడకానుకొని అంతా చూసి, చివర్లో ఒక్క మాట అడిగింది.

"అయిపాయెనా మేడం?"

శుక్రవారం పొద్దున జంగయ్య చాయ్ గ్లాసు బల్ల మీద పెడుతూ గాలితో చెప్పినట్టు చెప్పాడు. "నేతోళ్ల ఇండ్లన్నిట్ల ఈదమ్మను కండెలకు రావద్దన్నరంట. పరశురాములేమో శనివారం దాకా చూసి కేసు పెట్టిస్తనంటున్నడు. లేకుంటే నల్లగొండ పోయి పెద్దసారును కలుస్తడంట."

మెర్సీ చాయ్ ముట్టుకోలేదు.

పదిన్నరకు ఆమె పరశురాములు ఇంట్లో ఉంది. గురువారమే రావాల్సిన చోటికి ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. ముందు ఎల్లేష్‌ను పిలిపించింది.

"బుధవారం ఎందుకొచ్చినవ్?"

"చాయ్ తాగనీకె."

"మీ ఇంట్ల చాయ్ లేదా?"

"ఉంటది మేడం. నా పెండ్లాం పెడ్తది. అందుకే ఈడికొస్త."

"మగ్గం గదిలకు పోయినవా?"

"మామ పోనిస్తే గద. తలుపుకు పరదా కట్టిండు. సొంత దారాన్ని గూడ నమ్మడు మామ."

తర్వాత గోవిందమ్మ. ఆమెను ప్రశ్నలడగాల్సిన పనిలేదు, ఆపడమే పని.

"నాకు నమూనా తెల్వదు, గిమూనా తెల్వదు. నాకున్న ఫికరల్లా గీ కోడలు పిల్లే. మంచిగ నడుము దాకా జుట్టుండె. దేవరకొండ పోయి మంచి గొర్రె బొచ్చు లెక్క చేయించుకొచ్చింది. నూనె పెట్టద్దంట, దువ్వద్దంట. రాత్రయితే తల మీద గోపురం కట్టుకొని పంటది. మొన్న మంగళారం రాత్రి చూస్తే మిషన్ టకటక. ఏందే అంటే రైక కుట్టుకుంటున్న అన్నది. ఏం రైకనో, ఇంకా ఒంటి మీదికి రాలే."

అఖిల నీళ్ల గ్లాసుతో వచ్చింది. కొంగు జారింది. ఉంగరాలు తిరిగిన జుట్టు రెండు భుజాల మీద పడింది. పార్లర్‌లో ఇప్పుడే ఉంగరాలు చుట్టిన రాడ్లు విప్పినట్టుంది. ఒక్క ఉంగరం చెదరలేదు.

మెర్సీకి కడుపు మండింది. ఇది డ్యూటీకి సంబంధించిన మంట కాదు.

సోమవారం ఆమె కూడా సెలవు పెట్టి అదే పార్లర్‌కు పోయింది. వచ్చేవారం తమ్ముడి పెళ్లి. పక్క కుర్చీలో అఖిల. ఇద్దరి తలలకూ రాడ్లు, ఇద్దరి ముక్కులకూ మందు వాసన. పార్లరావిడ జాగ్రత్తలు చెబుతూనే ఉంది. రెండు రోజులు తల తడపొద్దు. తువ్వాలతో రుద్దొద్దు, ఒత్తుకోవాలి. ఎడం పళ్ల దువ్వెన వాడాలి. బిగించి ముడేయొద్దు. దిండుకు తొడిగే నూలు గలీబు మీద పడుకుంటే అది తేమంతా లాగేసి జుట్టును చీపురు చేస్తుంది, మెత్తకు పట్టు గలీబు వేసుకోవాలి. టోపీలాంటివి అసలే పెట్టొద్దు.

పట్టు గలీబు దగ్గర అఖిల నవ్వింది. "మా ఇంట్ల పట్టు అమ్మనీకే అక్కా, పండుకోనీకె కాదు."

టోపీ దగ్గర మెర్సీ దగ్గింది.

"నీకేమన్నా తెలుసా అఖిలా?" ఇప్పుడు అడిగింది.

"లేదు మేడం." అఖిల గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. సోమవారం అక్క, శుక్రవారం మేడం. ఈ వారం మెర్సీకి చుట్టరికాలు కలిసిరావడం లేదు.

శనివారం ఉదయం ఆరున్నర. క్వార్టర్‌లో అద్దం ముందు మెర్సీ నిలబడింది. ఎడమ వైపు ఉంగరాలు కాస్త నలిగినా ఉన్నాయి. కుడి వైపు జుట్టు పీచులాగా లేచి నిలబడింది. టోపీ రెండు వైపులా సమానంగానే నొక్కుతుంది కదా? మరి కుడి వైపుకేమైంది?

ఆమె కుడి వైపు తిరిగి పడుకుంటుంది. నూలు గలీబు మీద.

దువ్వెన చేతిలోనే ఆగిపోయింది. ఒకటే రోజు, ఒకటే మందు. అఖిల తల రెండు వైపులా చెక్కుచెదరలేదు.

తొమ్మిదింటికి పరశురాములును స్టేషన్‌కు పిలిపించింది.

"ఆ భద్రమైన జాగా ఏందో ఇయ్యాల చెప్పాలె. చెప్పకుంటే కేసు లేదు."

ముసలాయన గొంతు తగ్గించాడు. "ముక్కల సంచిల."

"ఏం సంచి?"

"మగ్గం పక్కన తగిలేసుంటది. చెడిపోయిన ముక్కలు, తుడ్వనీకె పనికొచ్చేటియి అండ్ల ఏస్తం. దొంగోడు వస్తే బీరువ చూస్తడు, పెట్టె చూస్తడు. ముక్కల సంచి ఎవడు చూస్తడు? అండ్ల చెయ్యి పెట్టేది ఈదమ్మ ఒక్కతే."

"ఇంట్లోవాళ్లు?"

"వాళ్లకు గా సంచితోని ఏం పని?"

మెర్సీ కళ్లు మూసుకుంది. ఆ ప్రశ్న గురువారమే గట్టిగా అడిగి ఉంటే ట్రంకుపెట్టె దించే పనే ఉండేది కాదు.

"నాలుగింటికి మీ మగ్గం గదిల అందరు ఉండాలె. ఎవరి మెత్త వాళ్లు తెచ్చుకోవాలె."

"మెత్తలా?"

"మెత్తలే."

నాలుగింటికి మగ్గం చుట్టూ అందరూ నిలబడ్డారు. పరశురాములు చంకలో రాయిలా గట్టిపడిన బూరుగుదూది మెత్త. గోవిందమ్మ మెత్తకు నూనె మరక. ఎల్లేష్ మెత్తను భుజాన వేసుకొచ్చాడు.

"ఈడనే పండుకోవాల్నా మేడం? జర చాప గూడ తెస్తుంటి."

అఖిల మెత్తను రెండు చేతులతో పొట్టకు హత్తుకుంది. పైన ఇంకా మడతలు పోని తెల్లటి నూలు గలీబు.

ఈదమ్మ గుమ్మం బయట నిలబడింది. చేతులు ఖాళీ.

"నీ మెత్త ఏది?" మెర్సీ అడిగింది.

"మీరే చూసిన్రు గద మేడం మొన్న, అన్ని తీసి." ఈదమ్మ గొంతులో కోపం లేదు. "నా ఇంట్ల మెత్త కనవడ్డదా?"

ఎవరూ నవ్వలేదు. ఎల్లేష్ కూడా. ఆ ఇంట్లో సూది దాకా వెతికిన మెర్సీ, లేనిదేమిటో చూడలేదు.

మెర్సీ టోపీ తీసింది.

గోవిందమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓ యమ్మ, మీరు గూడనా."

"నేను గూడ. సోమవారమే. అందరు చూడుండ్రి. ఈ కుడి దిక్కు నేను పండుకునే దిక్కు. నూలు గలీబు. ఐదు రాత్రులకు గిట్లయింది. గిదే సోమవారం, గిదే మందుతోని ఇంకొకరు చేయించుకున్నరు. ఆ జుట్టు రెండు దిక్కుల మంచిగుంది. ఎందుకు? పట్టు మీద పండుకుంటేనే గట్లుంటదని పార్లర్ల చెప్పిన్రు. మంగళవారం రాత్రి ఈ ఇంట్ల మిషన్ నడిచింది. కుట్టిన రైక ఎవరు చూడలే. నమూనా ఉన్నదేమో పనికిరాని ముక్కల నడుమ. అది నమూనా అని తెల్వని వాళ్లకు అది గూడ ఒక పనికిరాని ముక్కనే." మెర్సీ ఆగింది. "ఇంకా చెప్పాల్నా, ఎవరన్న చెప్తరా?"

అఖిల తెల్ల గలీబు గుండీలు విప్పింది. దాన్ని లాగేసింది. లోపల ఎర్ర నేల మీద పచ్చటి సీతాఫలాలు బయటపడ్డాయి.

"అంచు దగ్గర గీతలు కొంచెం జరిగినయి మామయ్యా. సంచిలుంటే చెడిపోయిన ముక్కనే అనుకున్న. మా నాయిన గుమస్తా, నాకు మగ్గం సంగతి ఏం తెలుసు? రాత్రి కత్తిరించి కుట్టిన. తెల్లారి మీరు లొల్లి పెడ్తే తెలిసింది."

"తెలిసినంక చెప్పద్దా?" గోవిందమ్మ అంది.

"చెప్దామనే అనుకున్న. గింతల జీపు ఈదమ్మ ఇంటికి పోయింది. ఇంక చెప్తే గా సోదా గూడ నా వల్లనే అంటరని..."

అది ఎవరి వల్లనో మెర్సీకి తెలుసు. "తెలిసినంక గూడ దాని మీదనే పండుకున్నవా?"

అఖిల తల దించుకుంది. ఉంగరాలన్నీ ముందుకు పడ్డాయి, ఒక్కటీ నలగకుండా. "మెత్త మంచిగనే ఉండె మేడం. నిద్రనే రాలే."

పరశురాములు గుడ్డను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. తిప్పి చూశాడు, ఉమ్మి తడి చేసి రుద్ది చూశాడు. "రంగు పోలే," అన్నాడు ఉండబట్టలేక. అన్నాక సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే గుమ్మం వైపు తిరిగాడు.

"ఈదమ్మ, సోమారం సంది పనికి రా."

"నీ ఇంటికి వస్త అయ్యా. తక్కిన ఇండ్లకు ఎవలు చెప్తరు?" ఆమె మెర్సీని చూసింది. "వచ్చేటప్పుడు జీపు మీద వచ్చిన్రు. పోయేటప్పుడు ఏమనకుంట పోయిన్రు. నల్లా కాడ అందరు గదే చూసిన్రు."

మెర్సీ గడియారం చూసుకుంది. ఐదుకు పదిహేను నిమిషాలు తక్కువ. ఇంకాసేపట్లో నల్లా వస్తుంది.

"జంగయ్యన్నా, బండి తీయి."

"నేను గూడ వస్త," అంది అఖిల. గలీబు ఊడిన మెత్త ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఈదమ్మ ఎక్కాక పరశురాములు కూడా చెప్పులేసుకుని వెనక సీటెక్కాడు.

జీపు మొన్న ఆగిన చోటే ఆగింది. బిందెల చప్పుడు ఆగింది. మెర్సీ టోపీ పెట్టుకోబోయింది.

"టోపీ వద్దు," అంది ఈదమ్మ. "మొఖం కనవడాలె."

మెర్సీ టోపీని సీటు మీద పడేసి దిగింది. ఒక వైపు ఉంగరాలు, ఒక వైపు పీచు. వరసలో ఎవరో పిల్ల కిసుక్కుమంది.

"ఈదమ్మ ఏం తీయలే. గుడ్డ దొరికింది, వాళ్లింట్లనే ఉండె. వాళ్లను అడగకముందే నేను ఈమె ఇల్లు వెతికిన. ఎందుకంటే..." ఆ ఎందుకు అన్నది చాలా పెద్దది. ఆమె దాన్ని చిన్నది చేయడానికి కాసేపు చూసింది. చేతకాలేదు. "ఎవరో ఏమో అనుకుంటరని. తప్పు నాది."

"గుడ్డ తీసింది నేను," అంది అఖిల, జీపు దగ్గర నుంచే.

పరశురాములు తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఈదమ్మను పనికి రమ్మని అన్ని ఇండ్లకు నేనే పోయి చెప్త."

ఎవరో బిందె జరిపి ఈదమ్మకు జాగా ఇచ్చారు. ఆమె ఇంట్లోంచి బిందె తెచ్చి నింపుకుంది. చంకకెత్తుకుంది. మెర్సీ పక్క నుంచి పోతూ ఆగి, ఆ తలను ఓపిగ్గా, ముందు ఎడమ వైపు, తర్వాత కుడి వైపు చూసింది.

"మెత్త మీద పండుకుంటే జుట్టు గిట్లయితదా బిడ్డా? నయం, నాకు లేకపాయె."