ఉప్పు లేని పత్యం

వార్డంతా స్తుతిని ‘సిస్టర్’ అంటుంది. సాయిచంద్ ఒక్కడే ‘మేడం’ అంటాడు. సిస్టర్ అనడానికి అతనికి నోరు రాలేదు మరి.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే కుర్రాడు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే పగబట్టి అతని లివర్‌ని వాచేలా చేసింది. మాత్రలు పనిచేయలేదు. కరీంనగర్ ఆసుపత్రిలో ప్రయోగంగా స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, ఎక్కించి చూస్తామన్నారు. నయమవుతుందని ఎవరూ మాటివ్వలేదు. బయటి మందు చుక్క ముట్టినా జాబితాలోంచి పేరు కొట్టేస్తామని మాత్రం గట్టిగా చెప్పారు.

ఒక పొద్దు స్తుతి అతని మంచం దగ్గర డబ్బా తెరిచింది.

“మా అవ్వ సర్వపిండి చేసింది. సారును అడిగే తెచ్చిన, తిను.”

“వద్దు మేడం.”

“మొన్న ఉప్మా గూడ వద్దన్నవ్. చర్చికి పోయేటోళ్ల ఇంటి కూడు ముట్టవా?”

జవాబు కోసం ఆగకుండా మూతపెట్టి వెళ్లిపోయింది. సాయిచంద్ ప్రాణం ఉసూరుమంది. నిజం చెబితే వైద్యం పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల పోతుంది. లేచి, వరండాలో ఆమెను అందుకున్నాడు.

“నేను ఉప్పూ నూనె ముడ్తలేను. మా అవ్వ సుల్తానాబాద్ దిక్కుకెళ్లి కామెర్ల పసరు తెచ్చి తాపుతున్నది. దానికి చప్పిడి పత్యం. గంతే.”

స్తుతి గిరుక్కున అతని వైపు తిరిగింది.

“గా పసరుల ఏముందో ఎవరికెరుక? ఉన్న లివర్ గూడ పోతే? ఇన్నొద్దులు దాచి, ఇప్పుడెందుకు చెప్పినవ్?”

“నువ్వట్ల అనుకుంట పోతుంటే సూడలేకపోయిన.”

మేడం కాస్తా నువ్వయింది. అది ఇద్దరికీ తెలిసింది.

“నడువు. సారుకు నువ్వే చెప్పాలె. నేను పక్కనుంట.”

డాక్టరు చెడామడా తిట్టాడు. తానే వచ్చి చెప్పినందుకు పేరు మాత్రం కొట్టేయలేదు; పసరు మానేసి, రక్తపరీక్షలు కుదుటపడితే అప్పుడు చూస్తానన్నాడు. పసరు తెచ్చిన అవ్వ, సాయిచంద్ తల్లి శంకరవ్వ, ముఖం ముడుచుకుని కూర్చుంది. స్తుతి ఆమె పక్కన చేరింది.

“కొడుకు బతకాలనే తెచ్చినవ్ అవ్వా. నేనూ గందుకే వద్దంటున్న.”

శంకరవ్వ లేచి, పసరు సీసాను తానే తూములో ఒంపింది.

పరీక్షలు కుదుటపడటానికి వానాకాలం గడిచింది. చివరికి ఒకనాడు సాయిచంద్ చేతికి సెల్స్ ఎక్కుతున్నాయి.

“ఇది పనిజేయకుంటే?” అన్నాడు.

“ఇంకో తొవ్వ దేవులాడుదం. నేనైతే నిన్ను విడువ.”

“నర్సు లెక్కనేనా?”

స్తుతి సెలైన్ గొట్టం సర్దుతూ తల దించుకుంది. మంచం అవతల శంకరవ్వ డబ్బా తెరిచి, స్తుతి స్వయంగా చేసుకొచ్చిన సర్వపిండి ముక్క నోట్లో వేసుకుంది.

“ఉప్పు తక్కువైంది బిడ్డా,” అంది తాపీగా. “మా ఇంటికొచ్చినంక నేర్పిస్త తియ్.”