ఇంజన్ ఆపొద్దు

సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి, సగం గీసిన గడ్డం మీద నురగతో కళ్ళు మూసుకున్న మనిషి బోర్డర్ చెక్‌పోస్టు ఇన్‌స్పెక్టర్. పక్క కుర్చీలో కూర్చున్నవాడు మాత్రం గడ్డం గీయించుకోవడానికి రాలేదు.

మెడ చుట్టూ కప్పిన తెల్లగుడ్డ కింద వాడి చెయ్యి కదిలింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఎవరో తుమ్మినంత చప్పుడు. బార్బర్ కత్తి తుడుచుకుని ఇటు తిరిగేసరికి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో పడున్న గుడ్డకి కాలిన రంధ్రం. ఇన్‌స్పెక్టర్ మెడ మీద నురగ మెల్లగా ఎర్రబడింది.

అతని తమ్ముడికి ఆ కబురు ఇంటెలిజెన్స్ డైరెక్టర్ గదిలో తెలిసింది. తమ్ముడు స్పెషల్ ఏజెంట్. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని 'నిదానం' అంటారు. అతను కంగారుపడగా చూసినవాళ్ళు లేరు. ఆ రోజూ చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎవరు?" అన్నాడు.

"బావగారు," అన్నాడు డైరెక్టర్.

సరిహద్దు నది అవతల నుంచి పనిచేసే ముఠాకి నాయకుడు. మనుషుల్ని దొంగదారిన దాటించడం వాళ్ళ వృత్తి. ఏ ఆఫీసరు ఎదురైనా, ఏ డ్రైవరు కనబడినా "ఏం బావగారూ" అని భుజం మీద చెయ్యి వేస్తాడు కాబట్టి చివరికి ఆ పిలుపే అతనికి పేరైంది. ఫైల్లో ఫోటో లేదు. పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి, ఒక్కటీ అతనిది కాదు.

"శుక్రవారం పార్లమెంటు కమిటీ మన చెక్‌పోస్టుకి వస్తోంది," అన్నాడు డైరెక్టర్. "అందులో ఒకాయన సరిహద్దు పూర్తిగా మూసెయ్యాలంటాడు. ఇంకొకావిడ పని కోసం వచ్చేవాళ్ళకి పర్మిట్లిచ్చి రాజమార్గాన రానివ్వాలంటుంది. కళ్ళారా చూసి తేల్చుకుంటారట. ఆ రోజే బావగారు ఏదో చెయ్యబోతున్నాడు. మీ అన్న వాసన పట్టాడు. అదేమిటో చెప్పేలోపే ఇలా అయింది."

"బావగారికి ఏది కావాలి సార్? మూసెయ్యడమా, తెరవడమా?"

"మూసెయ్యడమే. గేటు తెరిచి ఉంటే వాడి దొంగదారిన ఎవరు నడుస్తారు?"

"మీకేది కావాలి?"

డైరెక్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు ప్రశాంతంగా రిటైరవడం కావాలి. విను. వాడు ప్రాణాలతో దొరకాలి. ముఠా గుట్టంతా వాడి నోట్లో ఉంది."

"ప్రయత్నిస్తాను," అన్నాడు నిదానం. డైరెక్టర్ ఆ మాట నమ్మలేదు. అన్నవాడూ నమ్మలేదు.

ఇంటికి వెళ్ళేసరికి వదిన గుమ్మంలో కూర్చుని అన్నయ్య బూట్లకి పాలిష్ పెడుతోంది. ఆమెదీ అదే చెక్‌పోస్టు. ఇమిగ్రేషన్ కౌంటర్ ఆఫీసర్. వచ్చేవాళ్ళ మొహాలూ పాస్‌పోర్టుల్లో మొహాలూ సరిచూసి స్టాంపు వేయడం ఆమె ఉద్యోగం.

"ఎవరికి వదినా ఆ బూట్లు?"

"ఎవరికీ కాదు. చేతులు ఊరుకోవడం లేదు." బ్రష్ ఆగలేదు. "కేసు నీకే ఇచ్చారా?"

"నాకే."

"మీ అన్నయ్యని తెచ్చినప్పుడు గడ్డం సగమే గీసి ఉంది. మిగతా సగం నేను గీశాను. చెయ్యి వణక్కుండా గీశాను." తలెత్తి చూసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "మీ డైరెక్టర్ ఏం చెప్పాడో నాకక్కర్లేదు. వాడు ఊరికే పోకూడదు."

"పోడు వదినా."

అన్నయ్య ఫోన్లో చివరి కాల్ ఒక ట్రావెల్ ఏజెన్సీకి వెళ్ళింది. అద్దాల తలుపు, గోడ నిండా మంచు కొండల పోస్టర్లు, మూల అక్వేరియంలో రెండు బంగారు చేపలు. ఓనరు ముప్పై దాటిన స్త్రీ. సిల్కు చొక్కా, పొడుగాటి మెడ, వేలికి చింతగింజంత ఆకుపచ్చ రాయి ఉంగరం. డిపార్ట్‌మెంటు ఫైల్లో ఆమె పేరు 'పచ్చరాయి'. ముఠాకి నకిలీ పాస్‌పోర్టులు చేసిపెడుతుంది, డిపార్ట్‌మెంటుకి కబుర్లు చెబుతుంది. ఆమె ఎవరి మనిషో ఇద్దరికీ అనుమానమే.

"చలిదేశానికి టికెట్ కావాలి," అన్నాడు నిదానం.

"దుప్పటి మీరే తెచ్చుకోవాలి," అంది ఆమె, తలెత్తకుండా.

కోడ్ సరిపోయింది. అతను తలుపుకి గడియ పెట్టి, బ్లైండ్స్ దించి, పిస్టల్ తీసి టేబుల్ మీద పెట్టాడు. "నీకు ఫోన్ చేసిన పూటే మా అన్నయ్య పోయాడు. సెలూన్‌కి వెళ్తున్నాడని వాడికి చెప్పింది నువ్వేనా?"

ఆమె పిస్టల్ వైపు చూడలేదు. అతని మొహంలోకి చూసింది. "వారం వారం అదే సెలూన్, అదే కుర్చీ. వాడికి ఒకరు చెప్పాలా? జాగ్రత్తగా ఉండమని నెత్తీనోరూ కొట్టుకున్నాను, వినలేదు."

"నిన్ను నేనెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు. వినండి చాలు. మా చెల్లెలు వాడి ట్రక్కులో వచ్చింది. నేనే రమ్మన్నాను. నేనే కాగితాలు చేశాను. కూలింగ్ యూనిట్ చెడిపోతే వాడు ట్రక్కుని రోడ్డు పక్కన వదిలేసి పొమ్మన్నాడు. తలుపు తెరిచింది మీ అన్నయ్య. అప్పటికి చెల్లెలు లేదు." ఉంగరం తిప్పుకుంది. "నన్ను అరెస్టు చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. 'దొంగతనంగా వచ్చేవాళ్ళని ఆపడానికి నాకు జీతమిస్తున్నారమ్మా, పాతిపెట్టడానికి కాదు' అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మనిషిని నేను."

బంగారు చేపలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నిదానం పిస్టల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "నన్ను వాడి దగ్గరికి చేర్చు."

"ట్రక్కు ఫ్రిజ్ బాగుచేసే మెకానిక్ కావాలంటున్నాడు. మీకు ఆ పని వచ్చా?"

"చంపడం తప్ప ఈ వారం నాకు ఏ పనీ మనసుకి పట్టడం లేదు. నేర్చుకుంటాను."

పచ్చరాయి సిఫార్సుతో, దొంగ మీసంతో, గ్రీజు మరకల ఓవరాల్‌తో నిదానం నది దాటి ముఠా గరాజ్‌లో అడుగుపెట్టాడు. పనిచేయాల్సింది ఒక తెల్లటి రిఫ్రిజిరేటెడ్ ట్రక్కు మీద. పైకి కూరగాయల లోడు, వెనక పలక చాటున మనుషులు కూర్చునే అర. కంప్రెసర్ చూస్తూ చూస్తూ అతనొక విషయం గమనించాడు. తాళం పెట్టే చోటు నుంచి కూలింగ్‌తో సంబంధం లేని ఎర్ర వైరొకటి ఫ్లోర్ కిందికి పోతోంది. వేలితో దాన్ని పట్టుకుని వెనక్కి పాకబోయాడు.

"ఏం బావగారూ, లోపల చల్లగా ఉందా?"

నిదానం పైకి లేచాడు. ఎదురుగా నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. వెచ్చటి చెయ్యి నిదానం భుజం మీద పడింది. నిదానం చేతిలో పెద్ద స్పానర్ ఉంది. ఒక్క దెబ్బ చాలు. కానీ తలుపు దగ్గర ఇద్దరు తుపాకులవాళ్ళున్నారు. ఇక్కడ తను చస్తే ట్రక్కు మాత్రం బయల్దేరుతుంది.

"చల్లగానే ఉందండి," అన్నాడు నిదానం.

"మంచిది. పాపం, మనవాళ్ళకి లోపల ఉక్కపోయకూడదు. ఇక నువ్వు వెళ్ళొచ్చు." నిదానం వంగి స్పానర్‌ని పెట్టెలో సర్దుకుని వచ్చేశాడు. ఎర్ర వైరు సంగతి డైరెక్టర్‌కి చెబితే, "అలారం అయి ఉంటుంది. ట్రక్కుని రానివ్వండి, వాడు చూడ్డానికి వస్తాడు, అప్పుడు పట్టుకుందాం," అన్నాడు.

శుక్రవారం ఉదయం వంతెన కిక్కిరిసి ఉంది. నది మీద వంతెన, ఆ చివర వాళ్ళ గేటు, ఈ చివర మన గేటు. గేటు పక్కన టీవీ కెమెరాల ముందు కమిటీ మెంబర్లిద్దరూ అప్పుడే మొదలుపెట్టేశారు.

"ఒక్కణ్ణి రానిస్తే వెనక వందమంది వస్తారు," అంటున్నాడు ఆయన.

"పర్మిటిస్తే వాళ్ళెవరో మనకి తెలుస్తుంది. ఇవ్వకపోయినా వస్తారు, తెలియకుండా వస్తారు," అంటోంది ఆవిడ.

కాస్త దూరంలో హమాలీ వేషంలో నిదానం మూటల మీద కూర్చున్నాడు. చెవిలో బటన్ రిసీవర్. ఎదురుగా కాఫీ షాపు కిటికీ దగ్గర బావగారూ, పచ్చరాయీ. ఆమె మెడలో గొలుసే మైక్రోఫోన్. తెల్లట్రక్కు వంతెన మధ్యకి వచ్చింది.

చెవిలో బావగారి గొంతు మెత్తగా వినిపించింది. "రేపటి పేపర్లు చూడు. బోర్డర్ దాటి బాంబు వచ్చింది అని రాస్తారు. గేటుకి పదేళ్ళు తాళం. ఆ తాళం చెవి మనం."

"బాంబా?" ఆమె చేతిలో కప్పు సాసర్ మీద పడిన చప్పుడు. నటన కాదది. "లోపల మనుషులున్నారు కదా?"

"ఉండాలి కదమ్మా, లేకపోతే ఎవరి మీదికి నెడతాం? చెకింగ్ కోసం ఇంజన్ ఆపమంటారు. డ్రైవర్ తాళం తిప్పుతాడు. అంతే, వాడికీ తెలీదు. ఏదీ, నా పాస్‌పోర్టు ఇటివ్వు. నేను అవతలికి వెళ్ళేవరకు నువ్వు ఇక్కడే ఉండు."

బావగారు బయటికి వచ్చాడు. నడిచేవాళ్ళ దారిలో వంతెన వైపు, నిదానం కూర్చున్న మూటల పక్క నుంచే నడిచాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. సబ్బు వాసన. అన్నయ్యని చంపిన చెయ్యి పేపరు మడిచి చంకలో పెట్టుకుంది.

ట్రక్కు గేటు దగ్గర ఆగింది. గార్డు డ్రైవర్ వైపు చూసి, ఇంజన్ ఆపమని చెయ్యి తిప్పాడు.

నిదానం పళ్ళు నూరాడు. బావగారికి వీపు తిప్పి, పరిగెత్తాడు.

మెంబర్లని తోసుకుంటూ, కెమెరా స్టాండుని తన్నేస్తూ ఫుట్‌బోర్డు మీదికి ఎగిరాడు. కిటికీలోంచి చెయ్యి దూర్చి డ్రైవర్ మణికట్టు పట్టుకున్నాడు. తాళం సగం తిరిగి ఉంది. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గింది.

"తిప్పకు."

"వాళ్ళు ఆపమన్నారు సార్."

"నేను వద్దంటున్నాను. ఆపావంటే నువ్వూ నేనూ ఉండం." తాళాన్ని వెనక్కి నెట్టి, యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. "తలుపులు తెరవండి. ఇంజన్ నడుస్తుండగానే అందర్నీ దించండి. బాంబ్ స్క్వాడ్."

వెనక పలక ఊడదీశారు. కూరగాయల బుట్టల మధ్య నుంచి మనుషులు ఒకరొకరుగా వెలుగులోకి వచ్చారు. ఆడవాళ్ళు, కూలీలు, చంకలో పసిపాపతో ఒక తల్లి. గార్డులు రైఫిళ్ళు ఎత్తారు. ఒక ముసలావిడకి కాళ్ళు పట్టేసి కిందికి దిగలేకపోతోంది. సరిహద్దు మూసెయ్యాలన్న మెంబరే ముందుకొచ్చి ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక ఎటు తీసుకెళ్ళాలో తోచక మన వైపుకే పరిగెత్తాడు.

నిదానం చూపు డాష్‌బోర్డు మీద పడింది. డీజిల్ ముల్లు అట్టడుగున ఆనుకుని ఉంది. గార్డు చెప్పినా చెప్పకపోయినా ఇంజన్ ఆగిపోయేలా బావగారు ఏర్పాటు చేశాడు.

"ఎర్ర వైరు," అరిచాడు నిదానం. "ఫ్లోర్ కింద, ఎడమ వైపు."

స్క్వాడ్ మనిషి చక్రాల కిందికి దూరాడు. ఇంజన్ మళ్ళీ దగ్గింది. డ్రైవర్ ఏడుస్తూ పెడల్ తొక్కుతున్నాడు. ఇంకో దగ్గు, ఒక వణుకు, తర్వాత నిశ్శబ్దం.

ఏమీ కాలేదు.

కింది నుంచి కట్టర్ పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి గాల్లో ఊగింది. వైరు ఇంజన్ కంటే ఒక్క క్షణం ముందు తెగింది.

నిదానం దిగి నేరుగా వంతెన మీదికి నడిచాడు. అవతలి గేటు దగ్గర బావగారు ఆఫీసరుతో వాదిస్తున్నాడు. బావగారు వంతెన ఎక్కగానే కాఫీ షాపులో పచ్చరాయి తన ఉంగరంలో రాయిని నొక్కేసింది. ఆ సిగ్నల్‌తో డైరెక్టర్ ఆఫీసులో ఆ పాస్‌పోర్టు నెంబరు రద్దయింది. "ఇది చెల్లదు, వెనక్కి వెళ్ళండి," అంటున్నాడు అవతలి ఆఫీసరు. ఈ గోలంతా చూసి వాళ్ళ గేటు దించేశారు.

బావగారు వెనక్కి తిరిగాడు. వంతెన ఖాళీ. మధ్యలో నిదానం. చేతిలో పిస్టల్.

"ఏం బావగారూ," అన్నాడు అతను, చిరునవ్వు తెచ్చుకుంటూ. "మెకానిక్‌వి కదూ?"

"సెలూన్ కుర్చీలో పడుకున్న మనిషి తమ్ముణ్ణి."

చిరునవ్వు చెరిగింది. నిదానం వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఆ వంతెన మధ్య భాగం ఏ దేశానిదీ కాదు. ఇక్కడ పేలిన గుండుకి ఎవరూ లెక్క అడగరు. వారం రోజులుగా ఛాతీలో మండుతున్నది చేతిలోకి దిగింది.

"బాబూ."

వదిన. యూనిఫాంలో, కౌంటర్ వదిలి గేటు దాకా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"వీడే వదినా."

"తెలుసు. అక్కడ చంపితే ఒక్క నిమిషంలో తప్పించుకుంటాడు. ఇటు రానీ. నా కౌంటర్ తెరిచే ఉంది."

నిదానం ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. తర్వాత పిస్టల్ దించకుండానే పక్కకి జరిగి దారిచ్చాడు.

బావగారికి వెళ్ళడానికి వేరే వైపు లేదు. ముందు అతనూ, వెనక నిదానమూ నడిచారు. ఇమిగ్రేషన్ హాల్లో, ట్రక్కు నుంచి దింపిన మనుషులంతా బెంచీల మీద ఉన్నారు. వాళ్ళలో కొందరు అతన్ని గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. పసిపాప తల్లి అతని మొహం మీద ఉమ్మింది. గార్డులు చూడనట్టు ఊరుకున్నారు.

వదిన అద్దం వెనక కూర్చుంది. రద్దయిన పాస్‌పోర్టు తీసుకుంది. ఫోటో చూసింది, మొహం చూసింది. వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నలే, ఆ గొంతుతోనే అడిగింది.

"వచ్చిన పని?"

బావగారు మొహం మీది ఉమ్మి తుడుచుకున్నాడు.

"మా దేశంలో ఎంతకాలం ఉంటారు?"

అతను వెనక్కి తిరిగి గేటు వైపు చూశాడు.

"పర్వాలేదు, నేనే రాసుకుంటాను," అంది వదిన. ఫారంలో ఆ గడిలో 'జీవితాంతం' అని గుండ్రంగా రాసి, బల్ల అదిరేలా స్టాంపు కొట్టింది. "స్వాగతం."