బల్లకు నలభై మార్కులు

అంగారకం మీది కొత్త ఒంగోలులో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలంటే ఇప్పుడు మారుమనస్సు ఒక్కటే చాలదు, మార్కులు కూడా రావాలి. గాజు గుమ్మటం కింద గుడి వాకిట్లోనే గ్రహణమాపకం పెట్టారు. నుదుటికి పట్టీ కట్టుకుని దేవుణ్ణి తలచుకుంటే, ఆ తలపును మోసే న్యూరాన్ల అల్లికలో ఎంత పూడిందో, ఎంత ఖాళీగా ఉందో చూసి నూటికి ఇంత అని చెబుతుంది. ఖాళీ లేకపోతే పూర్తిగా అర్థమైనట్టే. నలభై రానివాళ్లకు బల్ల లేదని సంఘపెద్దలు చేతులెత్తి తీర్మానించారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. తాము పీల్చే గాలి నాచుతొట్లలో ఎలా పుడుతుందో తెలియని పెద్దమనుషులు దేవుడికి పాస్‌మార్కులు నిర్ణయించారు.

బడిపిల్లలకు లెక్కలు ఎంత అర్థమయ్యాయో చూడటానికి ఆ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ నిరీక్షణరావు, గోడకు ఆనుకుని ఈ తంతంతా చూస్తున్నాడు. అతనికి అసహ్యం వేసింది.

ముందుగా పాస్టరు సత్యపాల్‌గారు పట్టీ కట్టుకున్నారు. తొంభై ఏడు.

"నిండుకుండ తొణకదు" అన్నారాయన. ప్రతి ఆదివారం మూడు గంటల పాటు తొణికే కుండ అది.

తర్వాత ప్రిస్కిల్ల వచ్చింది. నాచుతొట్లు కడిగే మనిషి. అమ్మ పోయాక నిరీక్షణరావును పెంచిన అక్క. ఆమెకు సున్నా వచ్చింది.

"ఏందమ్మా ఇది? నలభై ఏళ్లుగా గుడికొస్తా దేవుడంటే ఏందో తెలీదా?" అన్నారు పాస్టరుగారు.

"తెలీదయ్యా. తలుచుకుంటే నోట మాట రాదు నాకు."

"బల్ల లేదు. పక్కకు జరుగు."

ఆమె ఇన్నేళ్లలో ఒక్క బల్ల కూడా మానలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తప్పుకుంది. నిరీక్షణరావుకు ఒళ్లు మండిపోయింది. విసవిసా యంత్రం దగ్గరికి నడిచాడు.

"పాస్టరుగారి తొంభై ఏడులో ఏముందో అందరికీ వినపడేట్టు చెప్పు."

"ఆయన సొంత గొంతు, నలభై రెండు పాళ్లు. అద్దంలో ఆయన ముఖం, ముప్పై. తక్కిన ఇరవై అయిదు ఆయనకు గిట్టనివారి జాబితా" అంది గ్రహణమాపకం.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దలు ఒక మూలకు చేరి గుసగుసలాడారు. ఒక కీర్తన పాడేంతలో తీర్మానం తిరగబడింది. నలభై దాటినవాళ్లకే ఇక బల్ల లేదు! సిగ్గున్నవాళ్లయితే పట్టీ విసిరికొట్టేవాళ్లు. వీళ్లు మళ్లీ వరుస కట్టారు, ఈసారి సున్నా కోసం.

పాస్టరుగారు మెడ వంచి, "నేను ధూళిని, నాకేమీ తెలియదు" అని గొణిగారు. తొంభై తొమ్మిది.

"ఇప్పుడేముంది?" అన్నాడు నిరీక్షణరావు.

"ఇంత అణకువ మరెవరికీ లేదన్న తృప్తి."

మిగతా పెద్దలదీ అదే వరస. ప్రిస్కిల్లకు మాత్రం మళ్లీ సున్నా వచ్చింది. గత్యంతరం లేక పాస్టరుగారు ఆమె అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు.

నిరీక్షణరావు పగలబడి నవ్వాడు. "మీ మొహాలకు దేవుడు అర్థమవుతాడా? సున్నా ఎట్టా వస్తదో నన్ను చూసి నేర్చుకోండి!" అంటూ తనే పట్టీ కట్టుకున్నాడు.

తెర మీద వంద అని పడింది. ఆ యంత్రం అంతవరకూ ఎవరికీ వంద వేయలేదు.

"తప్పు చూపిస్తున్నావ్. ఏముంది అందులో?" అన్నాడు.

"వీళ్ల దేవుడు ఎంత చిన్నవాడో నా ఒక్కడికే తెలుసన్న నమ్మకం. ఎక్కడా ఖాళీ లేదు."

అందరికంటే ముందు పాస్టరుగారు నవ్వారు. నిరీక్షణరావు తల దించుకుని గుమ్మం వైపు నడుస్తుంటే, ప్రిస్కిల్ల అడ్డం వచ్చి తన రొట్టె ముక్కను విరిచి సగం అతని చేతిలో పెట్టింది.

"నాకు బల్ల లేదక్కా. వంద వచ్చింది, చూళ్లేదా?"

"అయ్యన్నీ నాకేం తెలుసురా" అంది ప్రిస్కిల్ల. "పొద్దున్నుంచి ఏం తినలేదు నువ్వు. తిను."