పక్క నుంచి చూడని లోహం

యాడికి ఊరి రోడ్డు మీద ఏజెంట్ లింగప్పను కాల్చినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు. జేబులోని గోరంత లోహపు ముక్క మాత్రం పట్టుకుపోయారు.

"మన రాకెట్ ఇంజిన్ వాల్వ్‌తో పాటు ప్రింటయిన శాంపిల్ అది," ఫోన్‌లో చీఫ్ చంద్రమోహన్ అన్నాడు. "ఈ మధ్యాహ్నమే టెస్ట్. వాల్వ్ పగిలితే చుట్టూ ఉన్న మనవాళ్ళు మిగలరు. విదేశీ ముఠా చెయ్యి పడిందని తేలితే 'వాన వచ్చింది' అని కోడ్ వర్డ్ చెప్పు, టెస్ట్ ఆపేస్తాం. ఆ కరువు జిల్లాలో ఆ మాట ఎవడూ పొరపాటున కూడా అనడు."

ఏజెంట్ కుళ్ళాయప్ప నవ్వలేదు. కొత్తచెరువు దగ్గరి ఈ త్రీడీ ప్రింటింగ్ ఫ్యాక్టరీలో మూడేళ్ళుగా అతను ల్యాబ్ టెక్నీషియన్ హరినాథ్. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. అతనితో కూర్చుని అన్నం తినే మనిషి ప్రింటింగ్ హెడ్ సునంద ఒక్కతే. ధర్మవరం పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె నడిస్తే ఫ్యాక్టరీ అంతా తల తిప్పేది.

అన్నం క్యారియర్‌తో పాటు ఆమే అదే వాల్వ్ రెండో శాంపిల్ తెచ్చింది.

"చూడప్పా హరినాథ్, గ్రెయిన్స్ సన్నగా ఉండాయి."

మైక్రోస్కోప్ కింద నిజంగానే చిన్న చిన్న గుండ్రటి చుక్కలు. గ్రెయిన్ అంటే లోహంలోని రేణువు; అది సన్నగా ఉంటే లోహం గట్టిది. హమ్మయ్య అనుకున్నాడు.

కిటికీ బయట జొన్నసొప్ప మోపులతో ట్రాక్టర్ పోతోంది. వెనక నుంచి కొనలే కనిపిస్తున్నాయి, అన్నీ గుండ్రటి చుక్కలు. ట్రాక్టర్ మలుపు తిరిగింది. నిలువెత్తు దంట్లు!

శాంపిల్‌ను పైనుంచే చూశాడు తను. గబగబా దాన్ని పక్కకు తిప్పి అరగదీసి, యాసిడ్ రాసి చూశాడు. గ్రెయిన్స్ ప్రింటయిన పొరలన్నీ దాటుకుని నిలువునా పెరిగి ఉన్నాయి. ప్రింటింగ్‌లో లోహాన్ని కరిగించే లేజర్ దిశ పొరపొరకూ మారాలి. ఎవరో ఆ సెట్టింగ్ ఆపేశారు. ఒత్తిడి పక్కకు నెడితే వాల్వ్ విప్పిన మోపులా విడిపోతుంది.

చీఫ్‌కు ఫోన్ కలిపాడు. అవతల టెస్ట్ కౌంట్‌డౌన్ వినిపిస్తోంది. సునంద క్యారియర్ అడుగు నుంచి పిస్టల్ తీసి గురిపెట్టింది.

"మూడు... రెండు..." ఫోన్‌లో లెక్క సాగుతోంది.

"వాన వచ్చింది!" అరిచాడు. కౌంట్‌డౌన్ ఆగింది.

పిస్టల్ పేలలేదు.

"కాల్చలేదేం?"

"ఎట్ల కాల్చేది కుళ్ళాయప్పా? ఈడ నాకు మాత్రం ఎవరుండారు?"

"నా పేరు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. మీ ఆఫీసుకూ ఆ ముఠాకూ రెండు పక్కలా పనిచేసేదాన్ని, నాకు తెలీదా? నీ పేరు వాళ్ళకు మాత్రం చెప్పలా."

"లింగప్ప పేరు చెప్పినావు గదా."

ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి చేతులు చాపింది. మూడేళ్ళకు తనను సొంత పేరు పెట్టి పిలిచిన మనిషికి అతనే బేడీలు వేశాడు.

ఆమెను ఎక్కించుకుని పోలీసు జీపు వెళ్ళిపోయాక ల్యాబ్‌లో అతనూ క్యారియరూ మిగిలారు. పై గిన్నెలో ఇద్దరికి సరిపడా సంగటి ఇంకా వేడిగా ఉంది. ఎవిడెన్స్ అని చీటీ రాసి, సీల్ వేసేముందు కుళ్ళాయప్ప తన వాటా తినేశాడు.