పెద్ద చేతుల అమ్మ

"ముందు ఆ నిచ్చెన దిగండి. గోడ మా పిల్లలది."

కేటా తీరంలో పడవలకు రంగులేసి పేర్లు రాసే సెలోమ్‌ను అంతవరకూ ఎవరూ నిచ్చెన దిగమనలేదు. కిందికి చూశాడు. ఒకమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పసుపు గౌను మీద, సరిగ్గా నడుం దగ్గర, రెండు ఆకుపచ్చ అరచేతులు అచ్చుపడ్డాయి. కేజీ పిల్లలకు బొమ్మలు నేర్పే ఏనమ్ టీచర్ ఈవిడే అన్నమాట!

"హెడ్ మేడమ్ పిలిపించారండీ. బుధవారం పెద్దవాళ్ళెవరో వస్తున్నారట. గోడంతా ఏనుగులూ సింహాలూ వెయ్యమన్నారు."

"మీరు సింహాన్ని చూశారా?"

"లేదు."

"మా పిల్లలూ చూడలేదు. వాళ్ళు చూసినవే వేస్తారు. సరే, పై సగం మీది, కింది సగం మాది. మా జోలికి రాకండి."

సెలోమ్ పైన సింహం మొదలుపెట్టాడు. కింద పిల్లలు మేకల్నీ, వలల్నీ, వాళ్ళ అమ్మల్నీ వేస్తున్నారు. ఏనమ్ ఇలా గియ్యి, అలా గియ్యి అనదు. "ఈ మేక ఎక్కడికి పోతోంది రా?" అని మాత్రం అడుగుతుంది. ఆ గొంతు కోసం చెవొకటి కిందే వదిలేసి పనిచేస్తున్నాడు సెలోమ్.

ఓ మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఇద్దరూ చూరు కింద నిలబడి అబోలో అనే మొక్కజొన్న రొట్టె, వేయించిన చిన్నచేపలు పంచుకు తిన్నారు.

"మీ సింహం నవ్వుతోందేమిటి?" అందామె.

"మిమ్మల్ని చూసి."

"పని చూసుకోండి," అంది ఏనమ్. కానీ చేపల్లో పెద్దది అతని వైపే జరిపింది.

మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అతని కన్ను యాయ్రా బొమ్మ మీద పడింది. చేపలు పొగబెట్టి అమ్మే వాళ్ళమ్మను వేసింది ఆ అయిదేళ్ళ పిల్ల. ఒక్కో చెయ్యీ చేపల గంపంత ఉంది! రేపు పెద్దవాళ్ళు నవ్వితే మాట పడేది ఏనమే కదా అనుకున్నాడు. ఆ చేతులు చెరిపి, ముచ్చటగా చిన్నచేతులు గీశాడు.

తెల్లారి యాయ్రా వచ్చి గోడ చూసింది. ఏడవలేదు. బ్రష్ కింద పెట్టేసింది.

"ఇది మా అమ్మ కాదు."

ఏనమ్ ముఖం ఎర్రబడింది. "ఎవరు దిద్దారు?"

"నేనే. బాగుంటుందని..."

"ఎవరికి?"

"సారీ టీచర్," అన్నాడు.

"నాకెందుకు? బొమ్మ నాదా?"

సెలోమ్ వెళ్ళి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పయిపోయింది తల్లీ. అమ్మ చేతులు అంత పెద్దవా?"

"ఒక చేత్తో గంప పట్టుకుంటుంది. ఇంకో చేత్తో నన్నెత్తుకుంటుంది. చిన్న చెయ్యయితే నేను పడిపోనూ?"

సెలోమ్ బ్రష్ అందించాడు. "నువ్వే వెయ్యమ్మా మళ్ళీ."

"నాకు రాదు. నువ్వే బాగా వేస్తావు."

ఏనమ్ గిరుక్కున అటు తిరిగిపోయింది. కళ్ళు తుడుచుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఆ చిన్నచేతుల కంటే ఈ మాటే పెద్ద నష్టమని సెలోమ్‌కు అప్పుడు తెలిసింది.

తను గీసిన చేతుల మీద తెల్లరంగు పూసేశాడు. "సరే, నువ్వు చెప్పు. ఇంతా?"

"కాదు."

"ఇంత?"

"ఇంకా!"

"వేళ్ళు ఇలాగా?"

"అబ్బా, అలా కాదు! నీకు రావట్లేదు. ఇటివ్వు!"

యాయ్రా బ్రష్ లాక్కుంది. ఈసారి చేతులు ఇంకా పెద్దవయ్యాయి.

అంతలో హెడ్ మేడమ్ వచ్చారు. "ఇవేం చేతులు? ఇంకో గంటలో వాళ్ళొచ్చేస్తారు. త్వరగా దిద్దెయ్ సెలోమ్."

"దిద్దాను మేడమ్, తప్పు చేశాను. కావాలంటే నా సింహాన్ని చెరిపేస్తాను. వాటిని మాత్రం ముట్టుకోను."

ఆవిడ పైకి చూశారు, కిందికి చూశారు. "సింహం ఏమంత గొప్పగా ఉంది గనుక! సరే, ఏదీ చెరపకు," అని వెళ్ళిపోయారు.

వచ్చినవాళ్ళు ఏమన్నారో సెలోమ్ వినలేదు. బడి వదిలాక యాయ్రా వాళ్ళమ్మ వచ్చి, గోడ మీది చేతికి తన చెయ్యి ఆనించి ఫక్కున నవ్వడం మాత్రం చూశాడు. "కాస్త చిన్నగా వేశావే!" అంది ఆవిడ కూతురితో.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఏనమ్ బ్రష్‌లు కడుగుతోంది.

"రేపట్నుంచి నాకిక్కడ పని లేదు టీచర్."

"లేదు."

"రావడానికి ఏదైనా దారి చెప్పండి."

"నీళ్ళ బకెట్లు మొయ్యడానికి మనిషి కావాలి."

"ఆ పని కూడా చేస్తాను. కానీ నేనడిగింది బడికి రావడం గురించి కాదు."

బ్రష్ కడుగుతున్న చెయ్యి ఆగింది. "ఆదివారం చర్చి అయ్యాక మా నాన్న ఇంట్లోనే ఉంటాడు. తలుపు తట్టడానికి నువ్వొక్కడివే రాకు. మీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రా."

అక్కడ తలుపు తట్టడమంటే పిల్లనడగడానికి వెళ్ళడమే. పైగా 'నువ్వు' అంది!

"మా పెద్దనాన్న వేటకెళ్ళాడు. సముద్రం మీదున్నాడు. శనివారానికి గానీ ఒడ్డుకు రాడే!"

"శనివారం తరవాతేగా ఆదివారం," అంది ఏనమ్.